అరువు మాట వద్దు

‘మాయాబజార్’ ఎలా ఉంటుందని ఎవర్నడిగినా అద్భుతం అంటారు. ఏం బాగుందని గుచ్చి అడిగితే మాత్రం తడుముకుంటారు. ఎస్వీ రంగారావు అంటారు, లడ్డూలు అంటారు, ఆ రోజుల్లో అలా తియ్యడమంటే మాటలా అంటారు. ఇది పెద్దవాళ్ల దగ్గర వినివిని వంటబట్టిన మెప్పు. అదే ఇంట్లో పదిహేనేళ్ల పిల్లాణ్ని అడగండి, ‘స్లో’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తాడు. వాడూ పూర్తిగా చూసి అన్న మాట కాదది, స్నేహితుల దగ్గర పట్టుకొచ్చింది. ఇద్దరిదీ అరువే. ఇంట్లో కూచుని పాత సినిమా చూసి, మీదైన ఒక అభిప్రాయం ఎలా సంపాదించుకోవాలో ఈ అధ్యాయంలో చెబుతాను.

వ్యక్తిత్వ వికాసం పుస్తకంలో పాత సినిమాల గొడవేమిటని మీకు అనిపించవచ్చు. అభిప్రాయం చెప్పడం అభ్యాసం మీద అబ్బే విద్య. ఆ అభ్యాసం ఆఫీసు మీటింగులోనో, ఆస్తి పంపకాల దగ్గరో మొదలుపెడితే ఒక్క తప్పు మాటకు చాలా మూల్యం చెల్లించాలి. సినిమా దగ్గర ఆ భయం లేదు. నాన్నకు ప్రాణమైన సినిమా గురించి ‘ఇక్కడ నాకు నచ్చలేదు, ఇందుకు’ అని ఆయన ఎదుట మర్యాదగా చెప్పగలిగిన పిల్ల, రేపు పై అధికారి ముందూ తన మాట తాను చెప్పగలుగుతుంది. ఆ నాన్న కూడా ‘సరే, ఎందుకో చెప్పు’ అనడం నేర్చుకుంటాడు. నా దృష్టిలో అది ఇంకా పెద్ద లాభం.

ఈ మాటలు రాస్తున్నది అండమాన్ నుంచి. 2024 సెప్టెంబరులో మా ఊరికి శ్రీ విజయపురం అని పేరు పెట్టారు, నోటికి ఇంకా పోర్ట్ బ్లెయిర్ అనే వస్తుంది. 2011 జనాభా లెక్కల్లో ఈ ద్వీపాల జనం 3 లక్షల 80 వేలు, అందులో నూటికి 13 మంది తెలుగువాళ్లు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ తీరాల నుంచి ఓడెక్కి వచ్చిన కుటుంబాలే ఎక్కువ. ఇంట్లో తెలుగు, బజార్లో హిందీ, పక్కింట్లో బెంగాలీ, ఎదురింట్లో తమిళం. దేశం మొత్తానికీ గడియారం ఒకటే కావడం వల్ల తూర్పున ఉన్న మాకు పొద్దు తొందరగా వాలిపోతుంది. నవంబరు, డిసెంబరుల్లో సాయంత్రం అయిదింటికల్లా చీకటి. మే నుంచి మొదలైన వానలు ఏడాది చివరి దాకా వస్తూపోతూ ఉంటాయి. ఇంట్లో గడపాల్సిన సాయంత్రాలు ఇక్కడివాళ్లకు దండిగా ఉన్నాయి.

ఉపగ్రహం మీద ఆధారపడిన రోజుల్లో ఒక పాట చూడాలన్నా నెట్ తిరుగుతూ తిరుగుతూ ఆగిపోయేది. ఓడలో వచ్చే బంధువుల సంచుల్లో సీడీలు, పెన్‌డ్రైవులు ఉన్నాయా అని ఎదురుచూసేవాళ్లం. 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన సుమారు 2,300 కిలోమీటర్ల కేబుల్ మొదలయ్యాక ఆ కరువు తీరింది. 1951 నాటి ‘మల్లీశ్వరి’, ‘పాతాళభైరవి’ ఇప్పుడు ఫోన్‌లోనే ఉన్నాయి. ఇన్ని అందుబాటులోకి వచ్చాక చూడటం తగ్గింది, పాటలూ ముక్కలూ తిప్పుకోవడం పెరిగింది. ముక్కలు చూసి సినిమా మీద తీర్పు చెప్పడం అన్యాయం.

ముందు టీవీ సంగతి చూడండి

పాత సినిమా బాగాలేదనుకునేవాళ్లలో సగం మంది అసలు ఆ సినిమా చూడనే లేదని నా నమ్మకం. వాళ్లు చూసింది సాగదీసిన బొమ్మ. 1950ల తెలుగు సినిమా చట్రం దాదాపు చదరంగా ఉంటుంది, అంటే వెడల్పు నాలుగు పాళ్లయితే ఎత్తు మూడు పాళ్లు. మన టీవీ వెడల్పు పదహారు, ఎత్తు తొమ్మిది. తెర నిండాలని ఆ బొమ్మను పక్కలకు లాగితే సావిత్రి ముఖం పళ్లెంలా పరుచుకుంటుంది, రేలంగి సగం ఎత్తుకు కుదించుకుపోతాడు. రిమోట్‌లో పిక్చర్ సైజ్ అనో, ఆస్పెక్ట్ అనో ఉంటుంది, దాన్ని 4:3కి మార్చండి. రెండు పక్కలా నల్ల పట్టీలు వస్తాయి, రానివ్వండి. కదలికను నున్నగా చేసే సౌకర్యం ఒకటి కొత్త టీవీల్లో ఉంటుంది, దాన్నీ ఆపెయ్యండి. అది ఉంటే కెమెరా పనంతా సీరియల్ తంతుగా మారిపోతుంది.

తర్వాత నిడివి చూసుకోండి. ‘మాయాబజార్’ మూడు గంటల పైమాట. 2010లో విడుదలైన రంగుల కూర్పులో నిడివి తగ్గించారు, కొన్ని పాటలు పోయాయి. రంగు చూసి పిల్లలు కూచుంటారంటే మొదటిసారికి అదే పెట్టండి, నాకు అభ్యంతరం లేదు. మీరు మాత్రం నలుపు తెలుపు ప్రతినే చూడండి. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్‌లీ వెలుగునీడలతో కట్టిన వెన్నెల అందులోనే దక్కుతుంది. యూట్యూబ్‌లో అయితే హక్కులున్న సంస్థలు పెట్టిన ప్రతినే వెతకండి. ఎవరో పెట్టిన ప్రతుల్లో సన్నివేశాలు గల్లంతై ఉంటాయి, ఆ తప్పు దర్శకుడి ఖాతాలో పడుతుంది.

ఇక్కడి ఇళ్లకు రేకుల కప్పులెక్కువ. వాన పట్టుకుందంటే టీవీ వెనకవైపు ఉండే చిన్న స్పీకర్ల గొంతు మనదాకా రాదు. పాత సినిమాలో మాటే ప్రాణం, పింగళి నాగేంద్రరావు మాట ఒక్కటి జారిపోయినా హాస్యం చచ్చిపోతుంది. అందుకని ఒక మామూలు స్పీకరు టీవీకి తగిలించి, మనుషుల పక్కన పెట్టుకోండి. వాతావరణం బాగున్న రోజే సినిమా దించుకుని ఉంచుకుంటే నెట్ పోయినా బాధ లేదు.

ప్రియదర్శినిలో ఎవరికి ఏం కనిపించింది

‘మాయాబజార్’లో శశిరేఖకు కానుకగా ఒక పెట్టె వస్తుంది. దాని పేరు ప్రియదర్శిని. మూత తెరిచిన వాళ్లకు వాళ్ల మనసుకు దగ్గరైనదే అందులో కనిపిస్తుంది. శశిరేఖకు అభిమన్యుడు కనిపిస్తాడు. బలరాముడికి ముద్దుల శిష్యుడు దుర్యోధనుడు, రేవతికి నగలు. కృష్ణుడు తెరిస్తే శకుని! పెట్టె ఒకటే, ఇంట్లో నలుగురికీ నాలుగు బొమ్మలు. వీడియో కాల్‌ని ఆనాడే ఊహించారని ఈ సన్నివేశాన్ని ఇప్పుడందరూ మెచ్చుకుంటున్నారు. నాకు అంతకన్నా గొప్పగా తోచేది రచన. ఒక్క సన్నివేశంలో నాలుగు పాత్రల లోపలి గుట్టు బయటపెట్టాడు దర్శకుడు కె.వి. రెడ్డి. బలరాముడు రేపు కూతురి పెళ్లి విషయంలో ఎటు మొగ్గుతాడో, రేవతి ఆయన్ని ఎందుకు ఆపదో మనకు అప్పుడే తెలిసిపోతుంది. కథ మొదట్లోనే చీట్లన్నీ తెరిచి చూపించేసి కూడా మూడు గంటలు కూచోబెట్టాడు.

‘అద్భుతం’ అనే మాట బదులు ఇలా ఒక సన్నివేశం వేలుపెట్టి చూపించగలిగితే అది మీ అభిప్రాయం. చూపించలేకపోతే ఇంకోసారి చూడాలి. నేను పెట్టుకున్న కొలత ఇదే.

ఇంటిల్లిపాదీ చూసేటప్పుడు మా ఇంట్లో ఒక పద్ధతి పాటిస్తాం, మీరూ పాటించి చూడండి. సినిమా అయిపోగానే ఎవరూ మాట్లాడరు. ఒక్కొక్కరూ ఒక చీటీ మీద గుర్తున్న సన్నివేశం ఒకటి, విసుగు పుట్టిన చోటు ఒకటి రాస్తారు. తర్వాత అందరికన్నా చిన్నవాళ్లు ముందు చదువుతారు. ఇంటి పెద్ద చివర. ఈ వరస తప్పకూడదు. తాతయ్య ముందే ‘ఆహా, ఏం సినిమా’ అనేశాక మనవరాలు నోరు విప్పదు, విప్పినా ఆయన మాటే తిప్పి చెబుతుంది. విసుగు పుట్టిన చోటు రాయమనడం చాలా అవసరం. ‘బోర్’ అనే పిల్లాడితో వాదించకండి, ఎక్కడ అని మాత్రం అడగండి. ‘హీరో ఇంటికొచ్చాక, ఆ పాట తర్వాత’ అన్నాడనుకోండి, వాడు అప్పటికే విమర్శ మొదలుపెట్టేసినట్టు.

సమీక్షలు, రేటింగులు, తెర వెనక కబుర్లు చీటీలు చదువుకున్నాకే. ముందు చదివితే వాళ్ల కళ్లతో చూస్తారు. ఇంటర్వెల్ దగ్గర ఆపి, కావాలంటే మిగతా సగం మర్నాడు చూడండి. ఆ సినిమాలను విరామం ఉంటుందని తెలిసే కట్టారు కాబట్టి దెబ్బేమీ లేదు. అయిదు నిమిషాలకోసారి ఆపి ఫోన్ చూసుకుంటే మాత్రం ఏ సినిమా అయినా నత్తనడకే.

ప్రేమించండి, లోపమూ చెప్పండి

‘మిస్సమ్మ’ నాకు ప్రాణం. 1955లో ఎల్.వి. ప్రసాద్ తీసిన ఈ సినిమాలో పని దొరక్క ఇద్దరు పరాయివాళ్లు భార్యాభర్తలమని అబద్ధమాడి ఒక ఊరి జమీందారు బడిలో టీచర్లుగా చేరతారు. అబ్బాయి హిందువు, అమ్మాయి మేరీ క్రైస్తవురాలు. నలుగురి ముందు కాపురం నటించాలి, తలుపు వేసుకున్నాక మళ్లీ పరాయివాళ్లు కావాలి. సావిత్రి ఈ రెండు ముఖాల మధ్య తిరిగే తీరు చూడండి. జమీందారు భార్య ఆప్యాయంగా దగ్గరకు తీసుకున్నప్పుడు ఆమె కోపగించుకోలేదు, కరిగిపోనూ లేదు. పెదవులు నవ్వుతాయి, మెడ మాత్రం బిగుసుకునే ఉంటుంది. ఆ బిగువు సినిమా సగానికి వచ్చేసరికి ఎలా సడలుతుందో గమనిస్తే చాలు, ఇంక కథ అక్కర్లేదు.

ముగింపు మాత్రం నేను ఒప్పుకోను. మేరీ నిజానికి చిన్నప్పుడు తప్పిపోయిన జమీందారు కూతురు మహాలక్ష్మి అని తేలుతుంది. దాంతో చిక్కుముడి విడిపోతుంది, అందరూ సంతోషిస్తారు. రెండు మతాల వాళ్లు పెళ్లి చేసుకోవచ్చా అన్న ప్రశ్న రెండున్నర గంటలు మన ముందు పెట్టి, జవాబు చెప్పాల్సిన చోట ప్రశ్నే లేకుండా చేశారు. అండమాన్‌లో కూచుని చూస్తే ఇది ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఇక్కడ ‘లోకల్ బార్న్’ అనే కుటుంబాలున్నాయి. శిక్షపడి వచ్చినవాళ్ల సంతతి. కులం, మతం, భాష దాటిన పెళ్లిళ్లు వాళ్లలో తరాల కిందటే జరిగాయి. అలాంటి ఇంటి పక్కన ఉంటూ మేరీని మహాలక్ష్మిని చేస్తే తప్ప పెళ్లి కాదంటే నాకు మనసొప్పదు.

ఇలా అనగానే ‘ఆ కాలం అలాంటిది’ అంటారు. ఈ మాటను మీ ఇంట్లోంచి బహిష్కరించండి. 1938లోనే గూడవల్లి రామబ్రహ్మం ‘మాలపిల్ల’ తీశాడు. బ్రాహ్మణ యువకుడికీ దళిత యువతికీ మధ్య ప్రేమను సూటిగా చూపించాడు, అమ్మాయి పుట్టుక మార్చకుండానే. మిస్సమ్మకు పదిహేడేళ్ల ముందు! ప్రతి కాలంలోనూ ధైర్యం చేసినవాళ్లున్నారు, చెయ్యనివాళ్లున్నారు. కాలం మీదకు నెట్టేస్తే ధైర్యం చేసినవాళ్లకు అన్యాయం చేసినట్టు.

‘గుండమ్మ కథ’ దగ్గరా ఇదే నిక్కచ్చితనం కావాలి. 1962 నాటి ఆ సినిమాలో సూర్యకాంతం ఒక చూపు విసిరితే ఎన్టీఆర్, ఏఎన్నార్ ఇద్దరూ ఉన్న తెర కూడా ఆవిడ వైపే ఒరుగుతుంది. నవ్వండి, హాయిగా నవ్వండి. కానీ పొగరున్న ఆడవాళ్లను లొంగదీసి దారికి తేవడమే ఆ కథకు ఇరుసు. పక్కన ఆడపిల్లలు కూచుని ఉంటే ఆ మాట పైకే అనండి. నవ్విన నోటితోనే అది తప్పని చెప్పడం పిల్లలకు మనం ఇవ్వగలిగిన మంచి పాఠం. ప్రేమించిన దాన్ని విమర్శించవచ్చని వాళ్లకు అప్పుడే తెలుస్తుంది.

పక్కింటి వాళ్లను పిలవండి

మన పాత సినిమాలు చాలావాటికి పుట్టిల్లు బెంగాల్. మిస్సమ్మ మూలం ‘మన్మొయీ గర్ల్స్ స్కూల్’ అనే బెంగాలీ నాటకం, దాన్ని 1935లోనే అక్కడ సినిమాగా తీశారు. ‘మాంగల్యబలం’ (1959) బెంగాలీ ‘అగ్నిపరీక్ష’ నుంచి, ‘ఆరాధన’ (1962) ‘సాగరిక’ నుంచి వచ్చాయి. ‘దేవదాసు’, ‘తోడికోడళ్లు’, ‘బాటసారి’ శరత్ కథలు. అండమాన్‌లో అందరికన్నా ఎక్కువమంది మాట్లాడే భాష బెంగాలీ, దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలెన్నో. ఏ కథ మీద మీకు అభిప్రాయం ఏర్పడిందో అదే కథను ఇంకో భాషలో పెరిగిన మనిషి మీ గోడ అవతలే ఉన్నారు. ఇంతకంటే అదృష్టం సినిమా ప్రేమికుడికి ఏముంటుంది?

సావిత్రి చేసిన ‘చివరకు మిగిలేది’ (1960) తీసుకోండి. మానసిక రోగులను నయం చేయడానికి ప్రేమ నటించాల్సి వచ్చిన నర్సు, చివరకు తానే రోగి స్థానంలోకి వెళ్లే కథ. బెంగాలీలో ‘దీప్ జ్వేలే జాయ్’ (1959), సుచిత్రా సేన్ చేసింది. అదే దర్శకుడు అసిత్ సేన్ తర్వాత హిందీలో వహీదా రెహ్మాన్‌తో ‘ఖామోషీ’ తీశాడు. మా వీధిలో ఒక బెంగాలీ అక్క సుచిత్రా సేన్ ముందు ఎవరూ నిలవరంటుంది. నేను సావిత్రి పక్షం. సుచిత్ర ముఖం మూసిన తలుపు, లోపల ఏం కూలుతోందో మనమే ఊహించుకోవాలి. సావిత్రి కళ్లు ముందే చెప్పేస్తాయి, ఆమె కూలబోతోందని మనకు తెలిసీ ఆపలేని బాధ మిగులుతుంది. మొత్తం సినిమాగా చూస్తే బెంగాలీదే బిగువైనదని ఆవిడతో వాదించాకే ఒప్పుకున్నాను. సావిత్రి విషయంలో మాత్రం ఇప్పటికీ తగ్గలేదు. ఎదుటివారి మాటలో కొంత తీసుకుని, కొంత మనది నిలుపుకోవడం ఇలాంటి చోటే అలవడుతుంది.

ఇంకో వరస కూడా ఉంది. 1955లో ఉత్తమ్ కుమార్ ‘సబార్ ఉపరే’, 1958లో దేవానంద్ ‘కాలా పానీ’, 1967లో ఏఎన్నార్ ‘పూలరంగడు’. మూడింటి బీజం ఒకటే, చెయ్యని నేరానికి జైల్లో ఉన్న తండ్రి కోసం కొడుకు పోరాటం. దేవానంద్ సినిమాకు మా ద్వీపాలను గుర్తుచేసే ఆ పేరున్నా అందులో అవి లేవు, కథ హైదరాబాదులో నడుస్తుంది. మూడూ వరసగా మూడు వారాలు చూస్తే, ఒకే కథను ఆదుర్తి సుబ్బారావు మన పల్లె గుండెకు ఎలా తెచ్చాడో స్పష్టంగా తెలుస్తుంది. మూడింటిలో నా ఓటు పూలరంగడికే.

మా ద్వీపాలున్న సినిమా ప్రియదర్శన్ ‘కాలాపాని’ (1996). మలయాళంలో తీశారు, తెలుగులోకీ అనువాదమై వచ్చింది. ఛాయాగ్రహణానికి సంతోష్ శివన్‌కు, కళాదర్శకత్వానికి సాబు సిరిల్‌కు జాతీయ అవార్డులు వచ్చాయి. ఇక్కడి పిల్లలకు ఒక పని పెట్టండి. సినిమా చూసిన వారంలోనే సెల్యులార్ జైలుకు తీసుకెళ్లండి. ఏడు విభాగాల్లో మూడే మిగిలాయి. ఒక గదిలో నిలబెట్టి, తెర మీద చూసింది ఇక్కడ ఎంత నిజమనిపిస్తోందో అడగండి. నా మటుకు నాకు ఆ వరండాలు, సంకెళ్ల చప్పుడు ఉన్న సన్నివేశాలు నిలిచాయి, ప్రేమకథ దగ్గర సినిమా వదులైంది.

మరోవైపు ఈ పిల్లలకు నది అంటే తెలియదు. అండమాన్‌లో చెప్పుకోదగ్గ నది డిగ్లీపూర్ దగ్గరి కల్పాంగ్ ఒక్కటే. గోదావరి ఎంత ఉంటుందో వాళ్లకు ‘మూగమనసులు’ (1964) చూపించి చెప్పాలి. పడవ నడిపే గోపి గడ వేసే తీరు, అవతలి గట్టు కనీకనబడకుండా ఉండటం. ‘మరోచరిత్ర’ (1978)లో బాలచందర్ చూపించిన విశాఖ తీరం, భీమిలి అయితే ఇక్కడి ముసలివాళ్లకు సొంత ఊరే. ఆ సినిమా పెట్టినప్పుడు కథను కాసేపు పక్కనపెట్టి, ఆ వీధులు ఎక్కడివో వాళ్లను చెప్పనివ్వండి. సినిమా మీద వాళ్లకుండే అభిప్రాయం అందులోంచే వస్తుంది, అది కూడా అభిప్రాయమే.

ఈ ఆదివారం ‘చివరకు మిగిలేది’తో మొదలుపెట్టండి. టీవీ 4:3కి మార్చండి, ఫోన్లు వంటింట్లో పెట్టించండి, పక్కింట్లో బెంగాలీ వాళ్లుంటే పిలవండి. సినిమా అయ్యాక చీటీలు పంచండి. ఇంట్లో అందరికన్నా చిన్నవాళ్లు మాట్లాడటం పూర్తయ్యేదాకా మీరు నోరు విప్పకండి.